పుష్కరాల లెక్కతో గురుగ్రహం దూరం

2015 జూలైలో గోదావరి పుష్కరాలకి మేము బరంపురం నుంచి యానాం వెళ్ళాం. రాజమండ్రి రద్దీని తట్టుకునే వయసు కాదు నాది. పైగా యానాంలో మా అక్క ఉంది. పుణెలో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి కూడా కూతుర్ని తీసుకుని వచ్చాడు. మనవరాలు అప్పుడు తొమ్మిదో తరగతి. తెలుగు గలగలా మాట్లాడుతుంది గానీ చదవడం రాదు. మన ఇళ్ళలో చాలామంది పిల్లల సంగతి ఇంతే కదా!

స్నానాలు అయ్యాక అరుగు మీద కూర్చున్నాం. మనవరాలు తల తుడుచుకుంటూ, "మామ్మా, పుష్కరాలు పన్నెండేళ్ళకే ఎందుకొస్తాయి? పదేళ్ళకి రావచ్చుగా?" అంది.

"బృహస్పతి సింహరాశిలోకి వచ్చినప్పుడు గోదావరికి పుష్కరం తల్లీ. ఆయన మళ్ళీ అక్కడికి రావాలంటే రాశులన్నీ చుట్టి రావాలి కదా. ఏడాదికి ఒక రాశి" అంది అక్క.

"చుట్టి రావడమంటే ఎంత దూరం?"

అక్క నావైపు తిరిగింది. "ఏరా తమ్ముడూ, ముప్ఫై ఏళ్ళు లెక్కల మాస్టారివి. నువ్వు చెప్పు."

చెప్పాను. ఆ పూట అరుగు మీద చెప్పిందే ఇప్పుడు మన పత్రిక పాఠకుల కోసం కాస్త వివరంగా రాస్తున్నాను. 2027లో గోదావరి పుష్కరాలు మళ్ళీ వస్తున్నాయి. మీ ఇంట్లోనూ ఎవరో ఒక పిల్లో పిల్లాడో ఈ ప్రశ్న వేయకపోరు. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకుంటే చాలు. గుణకారం వస్తే లెక్క వచ్చినట్టే.

ముందుగా ఒక మాట. గ్రహం సూర్యుని చుట్టూ తిరిగి రావడానికి పట్టే కాలాన్ని పరిభ్రమణ కాలం అంటారు. అది మనకి తెలియనిదేమీ కాదు. నాసిక్ వారి సింహస్థ మేళా, యానాం వారి గోదావరి పుష్కరం రెండూ గురుడు సింహరాశిలో ఉండగా జరిగేవే. గురుడు కన్యకి వస్తే కృష్ణకి, తులకి వస్తే కావేరికి, మకరానికి వస్తే తుంగభద్రకి పుష్కరం. అంచేత మహారాష్ట్రలో ఉన్నా, కర్ణాటకలో ఉన్నా, తమిళనాడులో ఉన్నా గురుగ్రహం పరిభ్రమణ కాలం సుమారు 12 ఏళ్ళని మన ఇళ్ళలో ముసలమ్మలందరికీ తెలుసు. శనిగ్రహం సంగతి ఇంకా బాగా తెలుసు. ఏలినాటి శని ఏడున్నరేళ్ళు, అంటే మూడు రాశుల కాలం. రాశికి రెండున్నరేళ్ళు. పన్నెండు రాశులకి ముప్ఫై. మా అక్కకి ఆ ఏడాది మూడో ఏలినాటి శని నడుస్తోంది. "ఇది మూడోది, ఇక నన్నేం చేస్తాడులే" అని నవ్వేది.

కాలం తెలుసు సరే, దూరం ఎలా తెలుస్తుంది? అక్కడే ఉంది అసలు కథ.

మా నాన్నగారి నోటు పుస్తకం

మా నాన్నగారు బరంపురంలో మన తెలుగు వీధుల్లో పంచాంగం చూసి ముహూర్తాలు చెప్పేవారు. వృత్తి వేరే ఉన్నా జ్యోతిష గణితమంటే ప్రాణం. ఆయన చేత్తో రాసుకున్న నోటు పుస్తకం ఒకటి అక్క దగ్గర ఉండిపోయింది. అందులో ఒక పేజీలో సూర్యసిద్ధాంతం నుంచి ఎత్తి రాసిన పట్టిక ఉంది. పేరు 'కక్ష్యా యోజనాలు'. చంద్రుని కక్ష్య చుట్టుకొలత 3,24,000 యోజనాలు. రవిది 43,31,500. గురునిది 5,13,75,764. శనిది 12,76,68,255.

ఈ అంకెలు ఎలా వచ్చాయి? సిద్ధాంతకారులు ఒక నియమం పెట్టుకున్నారు. ఆకాశంలో గ్రహాలన్నీ రోజుకి ఒకే దూరం నడుస్తాయని. ఆ దూరం సుమారు 11,859 యోజనాలు. చంద్రుడికి రాశిచక్రం చుట్టడానికి 27 రోజుల చిల్లర పడుతుంది కాబట్టి అతని బాట చిన్నది. శనికి ముప్ఫై ఏళ్ళ దగ్గర పడుతుంది కాబట్టి అతని బాట చాలా పెద్దది. ఎన్ని రెట్లు కాలమో అన్ని రెట్లు దూరం. మీరే పై అంకెల్ని 11,859తో భాగించి చూడండి, ఆయా గ్రహాలు చుట్టడానికి పట్టే రోజులు వస్తాయి.

అంటే కాలం నుంచి కక్ష్య పరిమాణం కట్టడమనే ఆలోచన మన దేశంలో ఎప్పుడో ఉంది. ఆలోచన గొప్పదే. కానీ నియమం సరైంది కాదు.

నేను కాలేజీలో చదువుకునే రోజుల్లో ఈ సంగతి తెలిసింది. కొత్తగా వచ్చిన చదువు పొగరు. సెలవులకి ఇంటికొచ్చి ఆ పేజీ తీసి, "నాన్నగారూ, ఇది తప్పు. గురుడు సూర్యుడి కన్నా పన్నెండు రెట్లు దూరంలో లేడు, అయిదు రెట్లే" అన్నాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "దూరం తప్పయితే అవుతుందిరా. గురుడు వచ్చే సంక్రాంతికి ఏ రాశిలో ఎన్ని భాగల్లో ఉంటాడో నీ పుస్తకం చూడకుండా లెక్క కట్టి చెప్పు" అన్నారు. నేను చెప్పలేకపోయాను. ఆయన చెప్పగలరు. ఆ తర్వాత మా ఇద్దరి మధ్య ఆ పేజీ ప్రస్తావన మళ్ళీ రాలేదు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. అప్పుడు చెప్పవలసిన రీతిలో చెప్పలేదన్న బాధ మాత్రం పోలేదు.

ఆయన మాటలో న్యాయం ఉంది. సూర్యసిద్ధాంతం ప్రకారం 43,20,000 సంవత్సరాల మహాయుగంలో గురుడు 3,64,220 సార్లు చుట్టి వస్తాడు. భాగించండి. ఒక చుట్టుకి 11.861 సంవత్సరాలు. రోజుల్లో చెప్పాలంటే 4,332 రోజుల చిల్లర. ఇప్పటి ఖగోళ శాస్త్రం చెప్పేదానికీ దీనికీ ఒక పూర్తి రోజు తేడా కూడా లేదు. శని విషయంలో ఆరేడు రోజుల తేడా ఉంది. 10,760 రోజుల్లో ఆరేడు రోజులు! దూరదర్శిని లేని కాలంలో, కంటితో చూసి, తరాల తరబడి రాసిపెట్టుకుంటేనే ఇంత కచ్చితంగా వస్తుంది. ఒక్క పుష్కరం నుంచి ఇంకో పుష్కరానికి చూసుకుంటే చాలదు. 2003లో జూలై 30న మొదలైన గోదావరి పుష్కరం 2015లో జూలై 14నే మొదలైంది. భూమి కూడా తిరుగుతూ ఉండటం వల్ల గురుడు మనకి ఒకసారి ముందుకీ, ఒకసారి వక్రించి వెనక్కీ పోతున్నట్టు కనిపిస్తాడు. ఎన్నో చుట్లు సగటు కడితేనే అసలు కాలం తేలుతుంది. నిండా పన్నెండేళ్ళు కాదు కాబట్టే అప్పుడప్పుడూ పదకొండేళ్ళకే పండుగ వచ్చేస్తుంది. హరిద్వార్ కుంభమేళా 2010 తర్వాత 2021లోనే జరిగింది చూడండి.

'అన్నీ మనవాళ్ళు ఎప్పుడో చెప్పేశారు' అనేవారూ ఉన్నారు, 'అంతా పుక్కిటి పురాణం' అనేవారూ ఉన్నారు. మా నాన్నగారి పట్టిక ఇద్దరికీ ఇబ్బందే. కాలం దగ్గర పట్టిక అమోఘం. చంద్రుని దూరం కూడా బాగా దగ్గరికొచ్చింది. భూమి వ్యాసార్ధం 800 యోజనాలని అదే గ్రంథం చెబుతుంది. ఆ లెక్కన చంద్రుడు భూమి వ్యాసార్ధానికి 64 రెట్ల పైచిలుకు దూరంలో ఉంటాడు. నేటి విలువ 60. కానీ సూర్యుడు చంద్రుని కన్నా 13 రెట్ల దూరమే అంటుంది. నిజానికి దాదాపు 390 రెట్లు. ఒకే వేగమన్న ఊహ అక్కడ దెబ్బతీసింది.

కెప్లర్ పట్టుకున్న సూత్రం

సరైన నియమాన్ని పట్టుకున్నవాడు యోహానెస్ కెప్లర్ అనే జర్మన్ గణితజ్ఞుడు. గ్రహాల దూరాలకీ కాలాలకీ సంబంధమేమిటి అని ఆయన 1596లో అచ్చయిన తన మొదటి పుస్తకంలోనే తర్కించుకున్నాడు. అప్పటికే కోపర్నికస్ పద్ధతి వల్ల సూర్యుని నుంచి గ్రహాల దూరాల నిష్పత్తులు తెలిసిపోయాయి. భూమి దూరం 1 అయితే గురుడిది 5 పైచిలుకు అని. కాలాలూ తెలుసు. రెంటినీ కలిపే ముడే దొరకలేదు. ఆ ముడి విప్పడానికి 22 ఏళ్ళు పట్టింది.

1618 ఆయన ఇంట మంచి సంవత్సరం కాదు. లింజ్ పట్టణంలో ఉండేవాడు. ఫిబ్రవరిలో చిన్నకూతురు చనిపోయింది. గ్రహస్థితుల పట్టికలు కట్టే పని మీద మనసు నిలవక, ఎప్పటినుంచో ఆగిపోయిన ఇంకో గ్రంథం ముందేసుకున్నాడు. మార్చి 8న ఈ సూత్రం తట్టింది. లెక్కలో ఎక్కడో పొరపాటు చేసి, కాదులే అని వదిలేశాడు. మే 15న మళ్ళీ అదే తట్టింది. ఈసారి సరిపోయింది. ఆ నెలలోనే యూరప్‌లో ముప్ఫై ఏళ్ళ యుద్ధం మొదలైంది. పుస్తకం 1619లో అచ్చయింది. మరుసటేడు ఆయన తల్లిని మంత్రగత్తె అన్న నేరం మోపి ఖైదు చేశారు. కొడుకే దగ్గరుండి వాదన నడిపితే 1621లో విడుదలైంది. ఇన్ని కష్టాల నడుమ వచ్చిన సూత్రమని చెబితే మా మనవరాలు కాసేపు మాట్లాడలేదు.

సూత్రం చాలా చిన్నది. గ్రహానికి పట్టే కాలాన్ని ఏళ్ళలో తీసుకోండి. దాన్ని దానితోనే గుణించండి. వచ్చిన సంఖ్యకి ఘనమూలం కట్టండి. భూమి, సూర్యుల మధ్య దూరం 1 అనుకుంటే ఆ గ్రహం దూరం వచ్చేస్తుంది. అంతే.

గురుడికి చేద్దాం. పుష్కరం లెక్కన 12 ఏళ్ళు. పన్నెండు పన్నెండ్లు 144. ఏ సంఖ్యని మూడుసార్లు వేసి గుణిస్తే 144 వస్తుంది? అయిదుని వేస్తే 125, ఆరుని వేస్తే 216. అంటే అయిదుకి కొంచెం పైన. 5.2 వేసి చూడండి. 140.6 వచ్చింది. 5.24 వేస్తే దాదాపు 144. నాన్నగారి పట్టికలోని 11.86 తీసుకుంటే వర్గం 140.7, ఘనమూలం సరిగ్గా 5.2. పుస్తకాల్లో ఉండే విలువ అదే.

శనికి ముప్ఫై ముప్ఫైలు 900. తొమ్మిదిని మూడుసార్లు గుణిస్తే 729, పదిని గుణిస్తే 1,000. 9.65 దగ్గర కుదురుతుంది. ముప్ఫైకి బదులు అసలైన 29.46 వేస్తే 9.54. ఏలినాటి శని నుంచి శని దూరం! అక్క ఇది విని, "పీడించే వాడి చిరునామా కూడా దొరికిందన్నమాట" అంది.

ఇలా ఎందుకవుతుందో న్యూటన్ 1687లో చెప్పాడు. అది కూడా కష్టం కాదు. సూర్యుడి ఆకర్షణ దూరం పెరిగేకొద్దీ వర్గం చొప్పున తగ్గుతుంది. భూమి కన్నా 4 రెట్ల దూరంలో ఒక గ్రహం ఉందనుకోండి. అక్కడ ఆకర్షణ 16వ వంతే. అంత మందమైన ఆకర్షణలో నిలకడగా తిరగాలంటే గ్రహం వేగం భూమి వేగంలో సగమే ఉండాలి. బాట 4 రెట్లు పొడవు, నడక సగం. కాబట్టి కాలం 8 రెట్లు. ఇప్పుడు చూడండి: ఎనిమిది ఎనిమిదులు 64. నాలుగుని మూడుసార్లు గుణించినా 64. సూత్రం అక్కడే కనిపిస్తోంది.

అంటే మన సిద్ధాంతకారుల లెక్క తప్పింది వేగం దగ్గర. భూమి సెకనుకి 30 కిలోమీటర్లు పరుగెడుతుంటే గురుడు 13 కిలోమీటర్లే నడుస్తాడు. పన్నెండు రెట్ల కాలం పట్టేది బాట పన్నెండు రెట్లు ఉండటం వల్ల కాదు. బాట అయిదు రెట్లు ఉండి, నడక కూడా నెమ్మది కావడం వల్ల.

అప్పుడు మనవరాలు అడిగింది: "అయితే ముత్తాతగారు రాసుకున్నది తప్పేనా తాతయ్యా?" యాభై ఏళ్ళ కిందట నేను మా నాన్నగారితో అన్న మాటే తిరిగొచ్చినట్టు అనిపించింది. ఈసారి తొందరపడలేదు. "ఆయన రాసిన కాలాలు వేసే కదమ్మా ఇప్పుడు నువ్వు 5.2 తెచ్చావు?" అన్నాను.

కిలోమీటర్లు ఎక్కడివి?

పిల్ల ఊరుకుంటుందా? "5.2 అంటే ఎన్ని కిలోమీటర్లు?" అంది. మంచి ప్రశ్న. కెప్లర్ సూత్రం ఇచ్చేది కొలబద్ద గీయని పటం లాంటిది. ఊళ్ళన్నీ సరైన చోటే ఉంటాయి, కానీ అంగుళానికి ఎన్ని మైళ్ళో తెలియదు. ఏదో ఒక్క దూరం నిజంగా కొలవగలిగితే చాలు, అన్నీ తేలిపోతాయి.

దానికి మార్గం శుక్రుడు. అతని కాలం సుమారు 225 రోజులు, అంటే 0.616 ఏళ్ళు. సూత్రంలో వేస్తే దూరం 0.72. భూమికి బాగా దగ్గరగా వచ్చినప్పుడు మధ్య ఖాళీ సుమారు 0.28. ఎప్పుడో అరుదుగా శుక్రుడు సరిగ్గా సూర్యబింబం మీదుగా చిన్న నల్లచుక్కలా దాటుతాడు. భూమి మీద దూరదూరంగా ఉన్న రెండు చోట్ల నుంచి చూస్తే ఆ చుక్క దాటే గీత కొంచెం తేడాగా కనిపిస్తుంది. ఒక కన్ను మూసి, తర్వాత రెండోది మూసి, చాపిన బొటనవేలిని చూడండి. వేలు పక్కకి జరిగినట్టుంటుంది. ఇదీ అంతే. ఆ జరుగుడు కొలిస్తే శుక్రుని దూరం కిలోమీటర్లలో వస్తుంది. ఇంగ్లండుకి చెందిన హేలీ 1716లో ఈ ఉపాయం ప్రపంచానికి వివరించాడు.

దీనికోసం పడిన పాట్లలో ఒకటి చెప్పక తప్పదు. లె జాంటీ అనే ఫ్రెంచి ఖగోళ శాస్త్రజ్ఞుడు 1761 జూన్ 6న వచ్చే ఈ దృశ్యాన్ని పుదుచ్చేరిలో చూడాలని ముందు సంవత్సరమే ఓడెక్కాడు. ఇక్కడికి దగ్గరయ్యేసరికి పుదుచ్చేరి ఇంగ్లీషు వాళ్ళ చేతికి చిక్కిందని తెలిసింది. ఓడ వెనక్కి తిరిగింది. ఆ రోజున నడిసముద్రంలో ఉన్నాడు. ఊగే ఓడ మీద నుంచి కొలతలు ఎలా తీస్తాడు? మళ్ళీ ఎనిమిదేళ్ళకి ఇంకో అవకాశం ఉంది. దాని తర్వాత వంద సంవత్సరాల పైమాటే. అందుకని ఇంటికి పోకుండా తూర్పు సముద్రాల్లోనే కాలం గడిపాడు. ఈలోగా పుదుచ్చేరి ఫ్రెంచి వారికి తిరిగొచ్చింది. అక్కడే చిన్న వేధశాల కట్టుకున్నాడు. ఖాళీ సమయంలో తమిళ పండితుల గ్రహణ గణిత పద్ధతులు తెలుసుకుని రాసుకున్నాడు కూడా. 1769 జూన్ 4 తెల్లవారింది. సరిగ్గా ఆ వేళకి మబ్బు కమ్మింది. శుక్రుడు దాటిపోయాక విడిపోయింది! 1771లో స్వదేశం చేరేసరికి చనిపోయాడనుకుని అకాడమీలో ఆయన స్థానం వేరేవారికి ఇచ్చేశారు. బంధువులు ఆస్తి పంచుకునే పనిలో ఉన్నారు. యానాం కూడా ఒకప్పుడు ఆ ఫ్రెంచి పాలనలోదే కాబట్టి అక్కకి ఈ కథ బాగా నచ్చింది.

ఆ తర్వాతి అవకాశం 1874 డిసెంబర్ 9. ఇక్కడ మనవాళ్ళు వస్తారు. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు గారు 1840లో తన సొంత ఖర్చుతో వేధశాల నెలకొల్పారు. అంతకుముందు మద్రాసు వెళ్ళి అక్కడి వేధశాల అధిపతి టేలర్ దగ్గర ఈ విద్య నేర్చుకున్నారు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు దాన్ని నడిపారు. 1868 సంపూర్ణ సూర్యగ్రహణాన్నీ, 1874లో శుక్రుడు సూర్యబింబాన్ని దాటడాన్నీ ఆయన విశాఖ నుంచే పరిశీలించి, లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి వివరాలు పంపారు. మద్రాసు వేధశాలలో పనిచేసిన చింతామణి రఘునాథాచారి గారు ఆ సందర్భానికి ముందే జనానికి అర్థమయ్యేలా చిన్న పుస్తకం రాసి, ఇంగ్లీషుతో పాటు మన దేశ భాషల్లోనూ వేయించారు. 1867లో ఒక చంచల తారని కనుగొన్నవారు కూడా ఆయనే. మన పాఠ్యపుస్తకాల్లో ఈ ముగ్గురికీ నాలుగు వాక్యాల చోటు దొరికితే బాగుండును.

చుక్క అంచు సూర్యబింబం అంచుకి అతుక్కున్నట్టు సాగిపోవడం వల్ల ఆ కొలతలు ఆశించినంత కచ్చితంగా రాలేదు. 1961లో శుక్రుడి మీదకి రేడియో తరంగాలు పంపి, అవి తిరిగొచ్చే సమయాన్ని కొలిచాక బెడద తీరింది. భూమి, సూర్యుల మధ్య సగటు దూరం సుమారు 14.96 కోట్ల కిలోమీటర్లు. దాన్ని 5.2తో గుణిస్తే గురుడు 77.8 కోట్ల కిలోమీటర్లలో ఉన్నాడు. అక్క చెప్పిన 'చుట్టి రావడం' అంటే దాదాపు 490 కోట్ల కిలోమీటర్లు. ఒక పుష్కరానికి అంత నడక.

డాబా మీద డిష్

ఈ సూత్రం గ్రహాలకే కాదు. ఒకే కేంద్రం చుట్టూ తిరిగే వేటికైనా వర్తిస్తుంది. కేంద్రం మారితే కొలబద్ద మారుతుంది, అంతే. భూమి చుట్టూ తిరిగేవాటికి చంద్రుడే మన కొలబద్ద.

అక్క ఇంటి డాబా మీద టీవీ డిష్ ఉంది. అది ఎప్పుడూ ఒకే వైపు చూస్తుంది, ఎందుకంటే దానికి బొమ్మలు పంపే ఉపగ్రహం కదలనట్టే ఉంటుంది. అది రోజుకి ఒకసారి భూమిని చుడుతుంది, భూమి కూడా రోజుకి ఒకసారి తన చుట్టూ తాను తిరుగుతుంది. మరి అది ఎంత ఎత్తున ఉండాలి? చంద్రుడికి 27 నక్షత్రాలు చుట్టడానికి సుమారు 27 రోజులు. ఉపగ్రహానికి 1 రోజు. 27కి ఘనమూలం 3. మూడు మూళ్ళు 9. అంటే ఉపగ్రహం చంద్రుని దూరంలో తొమ్మిదో వంతులో ఉండాలి. చంద్రుని దూరం 3,84,400 కిలోమీటర్లు. తొమ్మిదితో భాగిస్తే 42,700. అసలు విలువ భూకేంద్రం నుంచి 42,164. నోటిలెక్కకి నూటికి ఒకటి చొప్పున తేడా ఉంటే ఉండనివ్వండి. భూమి వ్యాసార్ధం 6,378 తీసేస్తే నేల నుంచి ఎత్తు సుమారు 35,800 కిలోమీటర్లు. ఇది నాకు చాలా ఇష్టమైన లెక్క. అశ్విని, భరణి, కృత్తిక అని వేళ్ళ మీద లెక్కపెట్టే 27తో ఉపగ్రహం ఎత్తు కట్టొచ్చని మా నాన్నగారికి చెప్పగలిగి ఉంటే!

జీశాట్-30 అనే మన ఉపగ్రహం 2020లో వెళ్ళి నిలిచింది 83 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద. విశాఖపట్నం ఉన్నదీ దాదాపు ఆ గీత మీదే. ఇటువంటి ఉపగ్రహాలు పక్కకి జారిపోకుండా కనిపెట్టి సర్దుతుండే కేంద్రం కర్ణాటకలో హాసన్‌లో ఉంది. ఆ ఊళ్ళో మనవాళ్ళు ఎవరైనా ఉంటే పిల్లలకి తప్పక చెప్పండి.

ఇంకో తమాషా. గురుడికి అయో అనే చంద్రుడు ఉన్నాడు. గురుడి నుంచి దూరం 4,22,000 కిలోమీటర్లు, ఇంచుమించు మన చంద్రుడి దూరమే. కానీ మనవాడికి 27 రోజులు పడితే అయో 1.77 రోజుల్లో చుట్టి వచ్చేస్తాడు. పదిహేను రెట్ల పైన వేగం! అంత వేగంగా తిప్పుతున్నాడంటే గురుడు ఎంత బరువై ఉండాలి? దూరాల నిష్పత్తి 1.1ని మూడుసార్లు, కాలాల నిష్పత్తి 15.4ని రెండుసార్లు వేసి గుణించండి. భూమికి సుమారు 316 రెట్లు వస్తుంది. పుస్తకాల్లో 318 ఉంటుంది. తక్కెడ లేకుండా, గడియారం చూసి గ్రహాన్ని తూచేశాం.

ఒక్క జాగ్రత్త. కక్ష్యలు నిండు వలయాలు కావు, కోడిగుడ్డులా సాగిన దీర్ఘవృత్తాలు. సూత్రం ఇచ్చేది ఆ పొడుగు గీతలో సగం. గ్రహాలకి ఈ తేడా పెద్దగా పట్టదు గానీ తోకచుక్కలకి పడుతుంది. 1986లో మనలో చాలామంది పిల్లల్ని ఎత్తుకుని చూడబోయిన హేలీ తోకచుక్కకి సుమారు 76 ఏళ్ళు. వర్గం 5,776. ఘనమూలం దాదాపు 18. పొడుగు మొత్తం దానికి రెట్టింపు, 36. సూర్యుడికి అతి దగ్గరగా వచ్చేది 0.6 దూరంలోకి. కాబట్టి అతి దూరం పోయేది 35 వరకు, శని కన్నా ఎంతో అవతలికి. మళ్ళీ 2061లో వస్తుంది. నేను చూడను, నా మనవరాలు చూస్తుంది.

ఆ సాయంత్రం ఆ పిల్ల నోటు పుస్తకంలో 'కక్ష్యా యోజనాలు' పేజీకి ఎదురుగా ఉన్న ఖాళీ పేజీలో తన పట్టిక వేసింది. గ్రహాల పేర్లు తెలుగులో రాయడం రాక అక్కని అడిగి ఒక్కో అక్షరం గీసింది. బుధుడు, శుక్రుడు, కుజుడు, గురుడు, శని. కింద యురేనస్ అని ఒక వరుస గీసి దూరం గడి ఖాళీగా ఉంచింది, ఎదురుగా ఉన్న ముత్తాతగారి పట్టికలో ఆ గ్రహం లేదు కాబట్టి. దాని కాలం 84 ఏళ్ళు. ఆ గడి ఇప్పటికీ ఖాళీగానే ఉంది. పాఠకులు పెన్సిలు పట్టుకుంటే అయిదు నిమిషాల పని. జవాబు 19కీ 20కీ మధ్య వస్తే సరిగ్గా చేసినట్టే.